మిగిలిన దూరం
(హైమన్‌డార్ఫ్ స్మారకోపన్యాస పాఠం)

ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌లో రైలు దిగినవాళ్లకు ఆసిఫాబాద్ కనిపించదు. పట్టణం అక్కడికి ఇంకా ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. కొత్తగూడెంలో ఉన్న భద్రాచలం రోడ్ స్టేషన్‌లో దిగితే రాములవారి గుడికి మరో నలభై కిలోమీటర్ల దాకా పోవాలి. ఆముదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ కథా అంతే, తుంగభద్ర దగ్గరి మంత్రాలయం రోడ్ కథా అంతే. రైల్వేవాళ్లు ఊరి పేరుకు ‘రోడ్’ అని తగిలించారంటే దాని అర్థం ఒకటే. ఊరు ఇక్కడ లేదు, ఊరికి పోయే దారి ఇక్కడ మొదలవుతుంది. పట్టాలు వేసినవాళ్ల పని అక్కడితో అయిపోయింది. మిగిలిన దూరం ప్రయాణికుడిది.

ఆ మిగిలిన దూరం గురించే ఈ ఉపన్యాసం. దాన్ని ఎవరు కొలవాలి, దేనితో కొలవాలి, కొలిచాక ఆ దూరాన్ని ఎవరి ఖాతాలో రాయాలి అన్నవే ఇందులోని ప్రశ్నలు. హైమన్‌డార్ఫ్ స్మృతిలో మాట్లాడేటప్పుడు ఆసిఫాబాద్ రోడ్ దగ్గర మొదలుపెట్టడమే న్యాయం. ఆయన జీవితంలోని ముఖ్యమైన పనంతా ఆ ‘రోడ్’ అవతల ఉన్న ఊళ్లలోనే జరిగింది.

మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి హైదరాబాద్ సంస్థానంలో ఉండి, నల్లమల చెంచుల మీద, గోదావరి కొండల రెడ్ల మీద, ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద వరసగా మూడు పెద్ద పుస్తకాలు రాశాడు. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమురం భీం నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వానికి ఆయనే దిక్కయ్యాడు. భార్య బెట్టి ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో పాక వేసుకుని ఉన్నాడు. అక్కడే గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దే కేంద్రం నడిచింది. గోండులకు, కోలాములకు భూమి పట్టాలు ఇప్పించే పనికి ఆయన నివేదికలే ఆధారమయ్యాయి. ఇప్పుడు ఆ ఊరు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో ఉంది. బెట్టి 1987 జనవరి 11న చనిపోయింది. ఏటా ఆ తేదీన మార్లవాయి ఆ దంపతులిద్దరినీ తలుచుకుంటుంది.

వాళ్లు అక్కడ బతికిన కాలంలోనే, 1943లో, నాగపూర్‌లో ఒక సమావేశం జరిగింది. దేశంలోని చీఫ్ ఇంజనీర్లందరూ కూర్చుని రాబోయే ఇరవై ఏళ్ల రోడ్ల ప్రణాళిక రాసుకున్నారు. జాతీయ రహదారి, రాష్ట్ర రహదారి, జిల్లా రోడ్డు, గ్రామ రోడ్డు అంటూ ఈరోజు వాడే వర్గీకరణ ఆ గదిలో పుట్టిందే. సాగు బాగా సాగే ప్రాంతంలో ఏ ఊరైనా పెద్ద రోడ్డుకు 5 మైళ్ల లోపే ఉండాలని వాళ్లు లక్ష్యం పెట్టుకున్నారు. ఆ లక్ష్యంలో రెండు విషయాలు గమనించాలి. వాళ్లు కొలిచింది దూరాన్ని, తలలను లెక్కపెట్టలేదు. అది మంచిదే. కానీ ‘సాగు బాగా సాగే ప్రాంతం’ అన్న ఒక్క షరతుతో జైనూరు, తిర్యాణి, నార్నూరు లాంటి అడవి పట్టులన్నీ లెక్క బయట ఉండిపోయాయి.

బస్సు కూడా రైలు కడుపున పుట్టినదే. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వేలో ఒక విభాగంగా రోడ్డు రవాణా శాఖ మొదలైంది. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. స్టేషన్ దగ్గర ఆగిపోయిన ప్రయాణాన్ని ఊరిదాకా తీసుకెళ్లే పనిని రైల్వే తానే నెత్తికెత్తుకుంది. ఈ చిన్న సంగతిని ఆర్టీసీ చరిత్ర చెప్పేవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవలసిందే. పట్టాలు వేసిన సంస్థే మిగిలిన దూరానికీ బాధ్యత తీసుకున్న సందర్భం ఇది. ఆ తర్వాత రోడ్డు వేసే శాఖ ఒకటి, బస్సు నడిపే సంస్థ ఒకటి, బడి పెట్టే శాఖ ఒకటి, ఆసుపత్రి కట్టే శాఖ ఇంకొకటి అయ్యాయి. దూరం మాత్రం ఎవరి పద్దులోనూ లేకుండా పోయింది.

పాత హైదరాబాద్ రెవెన్యూ భాషలో ‘బేచిరాక్’ అని ఒక మాట ఉంది. చిరాగ్ అంటే దీపం. బేచిరాక్ ఊరంటే దీపం వెలగని ఊరు. సర్వే నంబర్లుంటాయి, హద్దురాళ్లుంటాయి, శిస్తు లెక్కలుంటాయి, మనుషులుండరు. 2011 జనగణన ప్రకారం దేశంలో ఊళ్లు 6.4 లక్షలకు పైగా. అందులో మనుషులు ఉండేవి 5.97 లక్షలకు పైగా. అంటే 43 వేలకు పైగా ఊళ్లు కాగితం మీద ఉన్నాయి, దీపం లేదు.

దీనికి పూర్తిగా ఎదురైన పరిస్థితి కూడా ఉంది. దీపం వెలుగుతూ ఉంటుంది, కాగితం మీద ఊరుండదు. దీనికి రెవెన్యూ భాషలో పేరు ‘మజరా’ లేదా శివారు. గూడెం, తండా, వలస, వాడ, పేట, ఏ పేరుతో పిలిచినా ఇదే తీరు. జనగణన లెక్కలు గ్రామానికి, అంటే రెవెన్యూ గ్రామానికి అచ్చవుతాయి. మజరాకు అచ్చుకావు.

ఉదాహరణకు ఆదిలాబాద్ కొండల్లో ఒక రెవెన్యూ గ్రామం ఊహించుకుందాం. రోడ్డు పక్కన పెద్ద ఊరిలో 1,200 మంది. రెండు కిలోమీటర్ల అవతల తండాలో 300. వాగు దాటితే గోండు గూడెంలో 180. గుట్ట మీద కోలాం గూడెంలో 70. జనగణన గ్రామ వివరాల పుస్తకంలో ఈ నాలుగూ కలిసి ఒకే వరుసలో ఉంటాయి. జనాభా 1,750. బస్సు సౌకర్యం: ఉంది. సౌకర్యం లేకపోతే అది ఎంత దూరంలో ఉందో రాయడానికి మూడు అక్షరాలు: 5 కిలోమీటర్ల లోపు, 5 నుంచి 10 లోపు, 10 పైన. పుస్తకం అబద్ధం చెప్పలేదు. ఆ ఊరికి బస్సు వస్తుంది. కానీ 550 మంది ఇంటి ముందు నుంచి చూస్తే రాదు. జనాభా అనే గడిలో వాళ్లందరూ లెక్కకొచ్చారు, బస్సు అనే గడి దగ్గరికొచ్చేసరికి మాయమయ్యారు.

ఈ లోపాన్ని చాలావరకు గుర్తించిన పథకం ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన. 2000 డిసెంబర్ 25న అది మొదలైంది. రెవెన్యూ గ్రామాన్ని పక్కన పెట్టి ‘ఆవాసం’ అన్న దాన్ని కొలమానంగా తీసుకుంది. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది గాని, భారతదేశపు పల్లెను ప్రభుత్వం చూసిన చూపులో ఇంత పెద్ద మార్పు అరుదు. అప్పటిదాకా మజరాగా ఉన్న చోటుకు రోడ్ల లెక్కలో సొంత వరుస దొరికింది. ఆ పథకం కింద ఇప్పటికి ఏడు లక్షల కిలోమీటర్లకు పైగా రోడ్లు పడ్డాయి. పల్లెల్లో తిరిగే ఎవరైనా ఆ నీలం బోర్డులకు దండం పెట్టవలసిందే.

అయితే ఆ పథకం చేతిలోని కొలబద్ద జనాభా. మైదానంలో 500 మంది ఉండాలి. కొండ రాష్ట్రాల్లో, ఎడారుల్లో, ఐదో షెడ్యూల్ గిరిజన ప్రాంతాల్లో 250 చాలు. తీవ్రవాద ప్రభావం ఉన్న ప్రాంతాలకు తర్వాత 100కు తగ్గించారు. మొదటి దశలో లెక్కకు ఆధారం 2001 జనగణన. డబ్బుకు హద్దు ఉన్నప్పుడు ఎక్కువ మందికి ముందు ఇవ్వాలన్న తర్కాన్ని తప్పుపట్టలేం. తప్పు ఇంకోచోట ఉంది. ఆ అంకె ముందు ఎవరికన్నది చెబుతుంది, తర్వాత ఎవరికన్నది చెప్పదు. 500 మంది ఉన్న ఊరికి రోడ్డు వచ్చింది. 499 మంది ఉన్న ఊరు ఇరవై ఏళ్లు ఆగింది.

దూరం కొలిచే నిబంధన కూడా ఉంది. అన్ని కాలాల్లోనూ నడిచే రోడ్డుకు 500 మీటర్ల లోపు ఉన్న ఆవాసాన్ని రోడ్డున్న ఊరిగానే లెక్కిస్తారు. కొండల్లో ఆ దూరం నడక బాటలో ఒకటిన్నర కిలోమీటరు. ఎండాకాలంలో ఒకటిన్నర కిలోమీటరు పెద్ద దూరమేమీ కాదు. నడుమ వాగు ఉంటే? శ్రావణంలో ఆ వాగు రెండు రోజులు ఆగకుండా పారితే? ఆదిలాబాద్ కొండల్లో దూరాన్ని కిలోమీటర్లలో కొలిస్తే నిజం బయటపడదు. వాగులతో కొలవాలి. ఎవరినైనా గూడెం ఎంత దూరమని అడిగితే ‘రెండు వాగులు దాటాలె’ అంటారు. అది సరైన జవాబు. ఆ పథకంలో వంతెన పొడవు ఒక హద్దు దాటితే అదనపు ఖర్చు రాష్ట్రం పెట్టుకోవాలి. అందుకే రెండు వైపులా తారు రోడ్డు మెరుస్తూ, మధ్యలో వాగు అలాగే ఉండిపోయిన చోట్లు గిరిజన మండలాలన్నిటిలో కనిపిస్తాయి.

2011లో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా జనాభా 27.4 లక్షలు. అందులో దాదాపు 5 లక్షల మంది గిరిజనులు. చదరపు కిలోమీటరుకు 170 మంది. అదే ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సగటు 308. జిల్లా సగటే ఇంత పలచన అయితే గుట్టల మీద ఇంకెంత పలచనో చెప్పనక్కరలేదు. కోలాములు ఇరవై ముప్పై ఇళ్ల గూడేల్లో ఉంటారు. అది వాళ్ల వెనకబాటుతనం అనుకోవడం పెద్ద పొరపాటు. వానమీద ఆధారపడే గుట్ట నేల ఒకచోట అంతకంటే ఎక్కువ మందిని పోషించలేదు. నేల నిర్ణయించిన అంకె అది. రోడ్డు కోసం ఆ అంకెను పెంచుకోమని ఏ గూడెంతోనూ అనలేం.

2023 నవంబర్‌లో మొదలైన పీఎం జన్‌మన్ పథకం, కోలాం, చెంచు, కొండరెడ్డి లాంటి ప్రత్యేక బలహీన గిరిజన సమూహాల ఆవాసాలకు ఈ హద్దును 100 మందికి దించింది. మంచి అడుగు. కానీ ముప్పై ఇళ్లు దాటని గూడెం ఆ నూరు దగ్గర కూడా తడబడుతుంది. పెద్ద గూడెం పండగ చేసుకుంటుంది, గుట్ట మీది చిన్న గూడెం ఇంకో పథకం కోసం చూస్తుంది.

ఇక్కడ హైమన్‌డార్ఫ్‌నే సాక్షిగా పిలిచి, రోడ్డుకు ఎదురుగా ఆయన చెప్పిన మాట కూడా వినాలి. 1940ల్లో తాను చూసిన గోండు గూడేలకు ఆయన 1970ల్లో తిరిగి వచ్చాడు. 1982లో అచ్చయిన ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’ పుస్తకంలో ఆ రెండో చూపు ఉంది. ఆ పుస్తకంలో సంతోషం తక్కువ. తాను ముందుండి ఇప్పించిన పట్టా భూములు బయటివాళ్ల చేతుల్లోకి పోయాయి. రాకపోకలు పెరిగిన వెంటే వలస వచ్చినవాళ్లూ పెరిగారు. నల్లరేగడి నేలలు పత్తికి పనికొస్తాయని తెలిసినవాళ్లకు దారి దొరికింది. గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా 1959లో చట్టం వచ్చింది, 1963లో తెలంగాణకు వర్తించింది, 1970లో దాన్ని ఒకటి బై డెబ్బైగా గట్టి చేశారు. చట్టం కంటే బండి వేగంగా వచ్చింది. భూమి కోసం రగిలిన ఆ బాధే 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పులదాకా పోయింది.

కాబట్టి రోడ్డు ఏకపక్షమైన వరం కాదు. రోడ్డు మీద రెండు దిక్కులకూ ప్రయాణం ఉంటుంది. లోపలి నుంచి బయటికి రావడానికి గర్భిణికి, విద్యార్థికి దారి కావాలి. బయటి నుంచి లోపలికి పోవడానికి వ్యాపారికి, వడ్డీకి అప్పులిచ్చేవాడికి దారి కావాలి. ఇద్దరిలో ఎవరి చేతిలో వాహనం ఉంటే రోడ్డు వాళ్లదవుతుంది. హైమన్‌డార్ఫ్ చూసిన రోజుల్లో వాహనం లోపలికొచ్చేవాడి చేతిలో ఉంది. బయటికి పోవాలనుకునేవాడి కాళ్లకు చెప్పులు కూడా లేవు. దీన్నిబట్టి రోడ్డు వద్దనే తీర్మానానికి రావడం తేలిక. ఆ తీర్మానం తప్పు. గూడెం మనిషి చేతికి వాహనం ఇవ్వకుండా రోడ్డు ఇవ్వడం సగం పని, అదీ ప్రమాదకరమైన సగం. రోడ్డు వెంటే బస్సు రావాలి, బస్సుకంటే ముందే భూమి పట్టాకు భద్రత ఉండాలి.

ఈ ‘సగం పని’ మాటకు లెక్కల సాక్ష్యం కూడా ఉంది. శామ్ ఆషర్, పాల్ నోవొసాద్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు గ్రామ సడక్ యోజన జనాభా హద్దునే పరిశోధనకు పనిముట్టుగా మార్చుకున్నారు. హద్దుకు కొంచెం పైన ఉండి రోడ్డు దొరికిన ఊళ్లను, కొంచెం కింద ఉండి దొరకని ఊళ్లను పక్కపక్కన పెట్టి చూశారు. ఆ ఊళ్ల మధ్య వేరే తేడా పెద్దగా ఉండదు కదా. 2020లో అచ్చయిన ఆ పరిశోధన చెప్పింది ఇది: రోడ్డు పడ్డ నాలుగేళ్లకు కనిపించిన ప్రధాన మార్పు, వ్యవసాయపు పని వదిలి కూలివాళ్లు ఇతర పనులకు మళ్లడం. పంటలోగాని, ఆదాయంలోగాని, ఇంటి ఆస్తిలోగాని పెద్ద తేడా కనబడలేదు. రోడ్డు మనిషిని కదిలించింది. ఊరిని మాత్రం మార్చలేదు. అదే బృందం చేసిన ఇంకో పరిశోధనలో రోడ్డు వచ్చిన ఊళ్లలో ప్రాథమికోన్నత తరగతుల్లో చేరే పిల్లలు పెరిగారని తేలింది. చదువు విషయంలో రోడ్డు పని చేసింది, పొలం విషయంలో అది ఒక్కటే సరిపోలేదు.

పాఠశాల మాట వచ్చింది కాబట్టి బిహార్ సైకిళ్ల సంగతి చెప్పాలి. 2006లో ఆ రాష్ట్ర ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిలు కొనుక్కునే డబ్బు ఇచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ దాన్ని పరిశీలిస్తే హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగింది, ఆడ, మగ తేడా 40 శాతం తగ్గింది. ఆ పెరుగుదల ఎక్కడ ఎక్కువంటే, హైస్కూలు 3 కిలోమీటర్లకు మించి దూరంలో ఉన్న ఊళ్లలో. బడి దగ్గరికి రాలేదు, పంతులు మారలేదు, పుస్తకం మారలేదు. దూరం ఒక్కటే తగ్గింది. రెండు చక్రాలకు ఆ శక్తి ఉంది.

మన ఏజెన్సీలో ఇదే సమస్యకు ఇంకో జవాబు వెతుక్కున్నాం: ఆశ్రమ పాఠశాల. పిల్ల దగ్గరికి బడి పోలేనప్పుడు, పిల్లనే బడిలో ఉంచడం. అవి లేకపోతే రెండు తరాల గిరిజన ఉద్యోగులు ఉండేవారు కారు, ఆ మేలు ఎవరూ కాదనలేరు. అయినా ఒక మాట అనుకోవలసి ఉంది. ఆరేళ్ల బిడ్డ అమ్మ దగ్గర పడుకోవడం మానేసి వసతి గృహంలో పడుకోవడానికి అసలు కారణం చాలాచోట్ల బస్సు లేకపోవడమే. ఉత్తరాంధ్ర మన్యంలో కొండ మీది గర్భిణులను నెలలు నిండకముందే కిందికి తెచ్చి ఉంచే వసతి గృహాలు కూడా ఈ కోవలోవే. 108 వాహనం 2005 ఆగస్టు 15న మొదలైనప్పటి నుంచి ఎన్ని ప్రాణాలు నిలిపిందో లెక్కలేదు. కానీ 108 వచ్చి ఆగేది రోడ్డు చివర. అక్కడిదాకా డోలీ. దూరాన్ని తగ్గించలేని రాజ్యం మనుషుల్ని ఇళ్లలోంచి కదిలిస్తోంది.

బస్సు లెక్క వేరు. ఆర్టీసీ డిపోలో రెండు మాటలు రోజూ వినిపిస్తాయి: ఈపీకే, ఓఆర్. కిలోమీటరుకు ఎంత కలెక్షన్ వచ్చింది, సీట్లలో ఎన్ని నిండాయి. డిపో మేనేజర్‌ను ఈ రెండింటితోనే కొలుస్తారు. మండల కేంద్రం దాకా బస్సు నిండుగా ఉంటుంది. అక్కడి నుంచి గూడెం దాకా చివరి ఎనిమిది కిలోమీటర్లలో ఎనిమిది మంది. డీజిలు మాత్రం అంతే తాగుతుంది. ముందు మధ్యాహ్నం ట్రిప్పు తీసేస్తారు. మధ్యాహ్నం బస్సు లేదని తెలిసినవాళ్లు పొద్దున బస్సు కూడా ఎక్కరు, తిరిగి రావడానికి ఏముంటుంది? ఆటో మాట్లాడుకుంటారు. పొద్దున కలెక్షన్ పడిపోతుంది. దాంతో పొద్దున ట్రిప్పూ పోతుంది. ఇంటర్ చదివే పిల్ల ఉన్న కుటుంబం ఉట్నూరులో గది అద్దెకు తీసుకుంటుంది. వచ్చే జనగణనలో గూడెం జనాభా పది తగ్గుతుంది. జనం లేరు కాబట్టి బస్సు అక్కరలేదని అప్పుడు ఫైలులో రాస్తారు. బస్సు లేక జనం పోయారన్న గడి ఆ ఫైలులో ఉండదు.

నైట్ హాల్ట్ బస్సు ఉన్న ఊరివాళ్లను అడగండి దాని విలువేంటో. రాత్రి డ్రైవరు, కండక్టరు ఊళ్లోనే పడుకుంటారు. పొద్దున ఆరింటికి బస్సు బయల్దేరుతుంది. కూరగాయల గంపలు, పాల క్యాన్లు, కాలేజీ పిల్లలు, ఆసుపత్రికి పోయే ముసలివాళ్లు అందులో ఉంటారు. డిపో నుంచి పొద్దున బయల్దేరి ఎనిమిదింటికి వచ్చే బస్సు వీళ్లలో ఎవరికీ పనికిరాదు. రెండూ కాగితం మీద ‘రోజుకు ఒక ట్రిప్పు’ అనే ఉంటాయి.

బస్సు తగ్గిన చోట షేర్ ఆటో, జీపు, క్రూజర్ వచ్చాయి. చాలా దారులు చట్టం ప్రకారం ఆర్టీసీకే కేటాయించినవి. అక్కడ చిన్న బస్సు నడుపుకుందామన్నా పర్మిట్ రాదు. అలా ఎవరికీ చెందని ఖాళీని పన్నెండు మందిని కుక్కిన ఆటో నింపుతుంది. బస్సు ఉండీ చాలకపోతే ఏమవుతుందో 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్‌లో చూశాం. ఒక్క పల్లె బస్సులో వందమంది దాకా ఎక్కారు, అరవై మందికి పైగా చనిపోయారు. ఆ రోజు అందరూ బ్రేకుల గురించి, డ్రైవరు గురించి మాట్లాడారు. ఆ వందమంది అదే బస్సు ఎందుకు ఎక్కవలసి వచ్చిందన్న ప్రశ్న తక్కువ వినిపించింది.

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో, 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు, జీరో టికెట్ ఇస్తారు. ఈ పథకాన్ని ఎగతాళి చేసేవాళ్ల మాటలు పట్టించుకోనక్కరలేదు. చేతిలో చిల్లర లేక అమ్మగారింటికి పోవడం మానేసిన ఆడవాళ్లకు అది స్వేచ్ఛ. దానిలో ఇంకో మేలు దాగి ఉంది. జీరో టికెట్ కొట్టిన ప్రతిసారీ మిషన్‌లో ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ నమోదవుతాయి. ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి పోవాలనుకుంటున్నారో చెప్పే ఇంతటి లెక్క ఈ నేల మీద ముందెన్నడూ లేదు. దాన్ని నష్టం భర్తీ బిల్లులకే వాడి పక్కన పడేయడం అన్యాయం. బస్సు పోని గూడెం ఆడవాళ్లు మాత్రం ఆ లెక్కలోనూ లేరు. వాళ్లు జీరో టికెట్ కూడా తీసుకోలేదు.

రోడ్డు వేయడానికి అడవి అడ్డం అనే మాట అధికారుల నోట తరచూ వినిపిస్తుంది. చట్టం అంత కఠినంగా లేదు. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్‌లో రోడ్డు, బడి, అంగన్‌వాడీ లాంటి 13 సౌకర్యాలకు ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమిని గ్రామసభ సిఫార్సుతో ఇవ్వొచ్చని ఉంది. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. హెక్టారంటే పదివేల చదరపు మీటర్లు. ఐదు మీటర్ల వెడల్పు బాటకు అది రెండు కిలోమీటర్లు. చాలా గూడేలకు మిగిలిన దూరం సరిగ్గా అంతే. అంటే గ్రామసభ ఒక తీర్మానం చేసి, ఆ కాగితం వెంట ఎవరో ఒకరు పడితే తెగే పని.

ఇక బస్సు నడిపే డబ్బు సంగతికి కేరళలో ఒక దారి చూపించారు. 2022లో మొదలైన ‘గ్రామవండి’లో బస్సు, డ్రైవరు, కండక్టరు ప్రభుత్వ సంస్థవి. డీజిలు ఖర్చు పంచాయతీది. ఏ దారిన, ఏ వేళకు నడవాలో చెప్పే హక్కూ పంచాయతీదే. తెలంగాణలో 2018 చట్టంతో 500 మంది దాటిన తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. మొత్తం సంఖ్య 12,700 దాటింది. మా తండాలో మా రాజ్యం అన్నారు. ఆ రాజ్యానికి బస్సు వేళ నిర్ణయించే అధికారం ఇంకా లేదు. ఇస్తే, కలెక్షన్ తగ్గినా పొద్దున ఆరింటి బస్సు పోకూడదని తీర్మానించే హక్కు వాళ్లకుంటుంది.

నడకలన్నీ ఒకటి కావు. పుష్యమాసంలో గోండుల్లోని మెస్రం వంశస్తులు కేస్లాపూర్‌లోని తమ దేవుడు నాగోబా కోసం గోదావరి జలం తేవడానికి జన్నారం మండలం హస్తినమడుగు దాకా కాలినడకన పోయి వస్తారు. రోజుల తరబడి నడక. దారి పొడవునా గూడేలు వాళ్లకు అన్నం పెడతాయి. నాగోబా జాతరలో గిరిజన దర్బారు పెట్టించినది హైమన్‌డార్ఫే, గిరిజనుల అర్జీలు అధికారులు నేరుగా వినాలని. మెస్రం వాళ్ల నడక మొక్కు. దాన్ని బస్సు భర్తీ చేయలేదు, చేయకూడదు. నొప్పులు పడుతున్న మనిషిని మంచం మీద మోస్తూ వాగు దాటే నడక వేరు. ఆ నడక ఎవరి మొక్కూ కాదు. ఆ దర్బారులో ఏటా పడే అర్జీల్లో రోడ్డూ వంతెనా అడిగేవి ఇప్పటికీ ఉన్నాయి.

2027 మార్చి 1 తేదీ ఆధారంగా దేశం మళ్లీ తలలు లెక్కపెట్టుకోబోతోంది. 2011 తర్వాత ఇదే మొదటి లెక్క, తొలిసారి డిజిటల్ లెక్క. వచ్చే పదిహేనేళ్లకు రోడ్ల హద్దులు, బస్సుల కేటాయింపులు ఆ అంకెల మీదే నిలబడతాయి. జనగణన శాఖకు చేయవలసిన విన్నపం ఒకటుంది. గ్రామ వివరాల్లో మజరాలకు, గూడేలకు, తండాలకు విడి వరుస ఇవ్వండి. జనాభా పక్కనే, వానాకాలంలో బస్సు ఎక్కే చోటుకు ఎంత దూరమో రాయండి. మధ్యలో వాగుంటే వాగుందని రాయండి.

లెక్కలకు పోయేది మన ఊళ్ల పంతుళ్లే, అంగన్‌వాడీ టీచర్లే. వాళ్లకూ ఒక మాట. అయ్యా, అమ్మా, దూరం అడిగే గడి వచ్చినప్పుడు పంచాయతీ ఆఫీసు మెట్ల మీద కూర్చుని నింపకండి. గుట్ట మీది చివరి ఇంటిదాకా వెళ్లి, అక్కడి నుంచి నడుచుకుంటూ బస్సు ఆగే చోటుకు వచ్చి, ఆ తర్వాత రాయండి.